తొమ్మిదో స్లైడు

గరికపాడు నుంచి కీసర దాకా క్రైస్తవుల ఇళ్లలో ఎవరు పోయినా, భూస్థాపన అయిన సాయంత్రానికల్లా జగ్గయ్యపేటలో వరప్రసాదరావు మాస్టారి ఫోను మోగుతుంది. పది పన్నెండు రోజులకు జరిగే జ్ఞాపకార్థ కూడికలో పోయినవాళ్ల జీవిత చరిత్ర చదవాలి. రాసేదీ ఆయనే, చదివేదీ ఆయనే. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే వరస. తెలుగు పండితుడిగా రిటైరై ఎనిమిదేళ్లయింది గానీ ఈ ఉద్యోగానికి మాత్రం రిటైర్మెంటు లేదు, జీతమూ లేదు.

ఆయన రాయడంలో కంటే రాయకపోవడంలో దిట్ట. తాగి తాగి పోయినవాడు ఆయన కాగితం మీద స్నేహశీలి. అన్నదమ్ముల్ని కోర్టుల చుట్టూ తిప్పినవాడు ముక్కుసూటి మనిషి. పెళ్లాం పిల్లల్ని వదిలేసి పదేళ్లు ఎటో పోయి తిరిగొచ్చినవాడు అనేక ప్రాంతాలు సందర్శించినవాడు. వినేవాళ్లకి అసలు సంగతి తెలుసు, చదివేవాడికీ తెలుసు. కూడిక అయ్యాక అందరూ కడుపునిండా భోంచేసి, ఆయనతో చెయ్యి కలిపి ఇళ్లకు పోతారు.

ఇప్పుడు పోయింది మోజెస్. నందిగామలో హెడ్మాస్టరుగా చేసి దిగినవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇద్దరూ రెడ్డిగూడెంలో ఒకే గదిలో అద్దెకుండి, ఒకే కిరోసిన్ స్టవ్వు మీద వండుకు తిన్నారు. మట్టి చేసిన మర్నాడు హైదరాబాదు నుంచి వచ్చిన కొడుకు రూబెన్ విషయం కదిపాడు.

"బాబాయ్, నాన్నకి కాగితం చదవడం వద్దు. ఇప్పుడందరూ స్క్రీన్ మీద స్లైడ్స్ వేస్తున్నారు. ఆన్‌లైన్లో చేశారంటే నేను హైదరాబాద్ నుంచి, చెల్లి ఖమ్మం నుంచి చూసుకుంటాం. మీకు రాకపోతే చెప్పండి, ఎవరికైనా ఇచ్చేస్తా."

"రాకపోవడం ఏంట్రా, నేనే చేస్తా," అన్నాడు వరప్రసాదరావు. రాదు. కానీ మోజెస్ జీవిత చరిత్ర ఇంకొకడు రాయడమంటే ఆయనకి తల కొట్టేసినట్టే.

"ఇంకోటి బాబాయ్. పుష్పవతి గారి సంగతి మీకు తెలుసుగా. మీరే చూస్కోండి."

చూస్కోండి అంటే రాయొద్దని. అంత మాత్రం అర్థం కానివాడు కాదు వరప్రసాదరావు.

పుష్పవతి మోజెస్‌కి రెండో భార్య. మొదటి భార్య సుగుణమ్మ 2009లో పోయింది. నాలుగేళ్ల తర్వాత, అరవయ్యో ఏట, ప్రభుత్వ హాస్టల్లో ఆయాగా చేసే పుష్పవతిని మోజెస్ పెళ్లి చేసుకున్నాడు. నందిగామలో అయితే నలుగురూ చూస్తారని జగ్గయ్యపేట రిజిస్ట్రారాఫీసులో కానిచ్చారు. ముగ్గురు సాక్షుల్లో మొదటి సంతకం వరప్రసాదరావుదే. కొడుకూ కూతురూ రెండేళ్లు ఆ ఇంటి గడప తొక్కలేదు. తర్వాత వచ్చారు గానీ, ఆమెను "నాన్నని చూసుకునే ఆవిడ" అనేవారు. పెళ్లి సంగతి సంఘంలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. వరప్రసాదరావూ అనలేదు. అడిగితే చెబుదాంలే అనుకున్నాడు. అడగనివాళ్లకి చెప్పడం ఆయన వల్ల కాదు.

స్లైడులు నేర్పే భారం భార్య రత్నమణి మీద పడింది. ఆవిడ కూడా టీచరే. కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని ఎనిమిదో తరగతికి సైన్సు పాఠాలన్నీ స్లైడుల్లోనే చెప్పింది. అప్పట్లో ఆయన పక్క గదిలోంచి "ఏంటా బొమ్మలాట" అని వెక్కిరించేవాడు. ఆ బాకీ ఆవిడ ఇప్పుడు వడ్డీతో సహా వసూలు చేసింది.

మొదటి గంటలో ఆయన నాలుగు పేజీల జీవిత చరిత్రా ఒక్క స్లైడులోనే ఎక్కించాడు. అక్షరాలు చీమలంత అయ్యాయి.

"చర్చిలో అందరికీ బైనాక్యులర్స్ పంచుతారా ఏంటండీ? ఒక స్లైడుకి ఒక ఫోటో, రెండు ముక్కలు. మిగతాది మీరు నోటితో చెప్పండి," అంది రత్నమణి.

తర్వాత ఆయన సేవ్ చేసే బటన్ కోసం వెతికాడు. అలాంటిది లేదని, రాసిందల్లా దానంతటదే దాచుకుంటుందని ఆవిడ చెప్పింది. ఆ మాట ఆయనకి నచ్చలేదు. చిత్తుప్రతి రాసి, చించి, పొయ్యిలో పెట్టే అలవాటు ఆయనది.

ఫోటోలన్నీ మోజెస్ ఫోనులో ఉన్నాయి. అందుకని రూబెన్‌నీ, చెల్లెలు కృపాజ్యోతినీ ఆ ఫైల్లో చేర్చినట్టే మోజెస్ ఈమెయిల్‌నీ చేర్చాడు. నలుగురూ స్లైడుల్లో మార్పులు చేసుకోవచ్చు. పుష్పవతికి ఫోన్ చేసి, ఆయన ఫోనులో ఫైలు తెరిచి ఫోటోలు పెట్టమన్నాడు. రెండు రోజుల్లో పదకొండు ఫోటోలు వచ్చాయి, ఏ సంవత్సరానివి ఆ సంవత్సరం దగ్గర. ఈవిడకి ఇంత తెలుసా అని ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, ఆ సంగతి మర్చిపోయాడు.

మొత్తం పదిహేడు స్లైడులయ్యాయి. పద్నాలుగోది రాయడానికి ఒక పూట పట్టింది. "చివరి దశలో మాస్టారికి విశేషమైన సేవలందించిన శ్రీమతి పుష్పవతి గారికి కుటుంబ సభ్యుల హృదయపూర్వక కృతజ్ఞతలు." రాశాక ముచ్చటేసింది. పాము చావాలి, కర్ర విరక్కూడదు. పిల్లలకి అభ్యంతరం ఉండదు, ఆమె పేరూ వస్తుంది. రత్నమణికి చదివి వినిపించాడు. ఆవిడ చివరిదాకా విని, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున చూస్తే పదహారే ఉన్నాయి. పద్నాలుగోది లేదు.

తన చేతి పొరపాటేననుకుని మళ్లీ రాసి పెట్టాడు. ఆ మర్నాడు మళ్లీ లేదు. అప్పుడు ఆయనకి కోపం వచ్చింది. పిల్లల మీద. ముసలాడికి పదకొండేళ్లు వండిపెట్టి, మంచంలో పడ్డాక ఎత్తి దింపిన మనిషికి ఒక్క కృతజ్ఞత ముక్క కూడా ఓర్చుకోలేరా? ఆ కోపంలో ఆయనకి కొంచెం సుఖంగానే ఉంది. వాళ్లకంటే తాను మంచివాడినన్న సంగతి ఎవరికైనా సుఖంగానే ఉంటుంది. వెంటనే రూబెన్‌కి ఫోన్ చేశాడు.

"నేనేం ముట్టుకోలా బాబాయ్. చెల్లి కూడా ముట్టుకోలేదు. అయినా ఆ స్లైడు ఎందుకు తీస్తాం? బ్రహ్మాండంగా రాశారు. ఆవిడకి ఎంత చెప్పాలో అంతే చెప్పారు."

మెచ్చుకోలు ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. మింగలేక కక్కలేక ఫోను పెట్టేశాడు.

"ఎవరు తీశారో చూడొచ్చండి," అంది రత్నమణి. కంప్యూటరు ముందు కూర్చుని, పైన ఎక్కడో నొక్కి, చేసిన మార్పుల పట్టిక తెరిచింది. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకి ముట్టుకున్నారో వరసగా పేర్లతో సహా ఉంది. పద్నాలుగో స్లైడు రెండుసార్లూ పోయింది తెల్లవారుజామున అయిదున్నరకి. పక్కన పేరు కె. మోజెస్.

వరప్రసాదరావుకి ఒళ్లు జలదరించింది. వారం కిందట తన చేత్తో పిడికెడు మట్టి వేసి వచ్చిన మనిషి. పైగా బతికున్నప్పుడు సరిగ్గా ఆ వేళకే లేచేవాడు. నా గురించి ఇదేనట్రా నువ్వు రాసేది అని మోజెస్సే వచ్చి చెరిపేసి పోయినట్టనిపించి, కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఆ ఫోను ఇప్పుడు ఎవరి దగ్గరుందండీ?" అంది రత్నమణి మెల్లిగా.

మధ్యాహ్నం బస్సెక్కాడు. చిల్లకల్లు టోల్‌గేటు దాటేదాకా ఆమెకేం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాడు. నందిగామలో దిగేసరికి ఒక్క మాటా మిగల్లేదు.

పుష్పవతి వసారాలో మోజెస్ చొక్కాలు ఉతికి మడతపెడుతోంది. ఆయన్ని చూసి లేచి, కుర్చీ వేసి, టీ పెట్టి తెచ్చింది. ఆయన నోరు తెరవకముందే చెప్పింది.

"తీసింది నేనే అన్నయ్యగారూ. రెండుసార్లూ నేనే తీసా."

"ఎందుకమ్మా? నీ పేరు ఉండాలనే గదా పెట్టింది."

"కృతజ్ఞతలు పనిమనిషికి చెప్తారండి. ఆసుపత్రిలో నర్సమ్మకి చెప్తారు. రేపు మీకేమన్నా అయితే, మా రత్నమణి వదినగారికి కుటుంబ సభ్యుల కృతజ్ఞతలు అని రాయిస్తారా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"పిల్లలు రాయొద్దంటే నాకు కోపం లేదండి. వాళ్లమ్మ కళ్లముందుంటది వాళ్లకి. అసలు నా పేరే లేకపోతే పోయె. పదకొండేళ్లు లేకుండానే ఉన్నా గదా, ఇంకో పూట ఉండలేనా? కానీ వాళ్లందరి ముందూ ఆయనకి నేను పనిమనిషినని మీరు చదవొద్దు. మీరు మాత్రం చదవొద్దండి. ఆ రోజు ఆఫీసులో పక్కన నిలబడింది మీరు."

ఏడవలేదు. మడతపెట్టిన చొక్కానే మళ్లీ విప్పి మడతపెట్టింది. వరప్రసాదరావు టీ తాగకుండానే లేచాడు. వీధి మలుపు తిరిగి బస్టాండు వైపు నడిచాడు. పిల్లలు ఆమెను కాదన్నారు, నిజమే. వాళ్లు కాదన్నదాన్ని అందమైన తెలుగులో రాసిపెట్టింది మాత్రం తాను.

ఇంటికొచ్చి చొక్కా అయినా మార్చకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పద్నాలుగులో కాదు, సుగుణమ్మ మరణం చెప్పే ఎనిమిదో స్లైడు తర్వాత, సంవత్సరాల వరసలో ఎక్కడ రావాలో అక్కడ కొత్తది పెట్టాడు. రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద తీసిన ఫోటో ఆయన దగ్గరే ఉంది. దాని కింద రెండే ముక్కలు రాశాడు. "భార్య పుష్పవతి. వివాహం 2013 జూన్ 14, జగ్గయ్యపేట." ఇంత సాదా వాక్యం ఆయన ఇరవై ఎనిమిదేళ్లలో రాయలేదు.

పావుగంటలో రూబెన్ ఫోను వచ్చింది.

"బాబాయ్, తొమ్మిదోది తీసేయండి."

"తీయన్రా."

"మా ఇంటి విషయం బాబాయ్ ఇది. మా అమ్మ పక్కన ఆవిడని నిలబెడతారా? మీరు తీయకపోతే నేనే తీసేస్తా."

"మీ అమ్మ ఎనిమిదో దాంట్లో ఉందిరా, ఆవిణ్ణి ఎవడూ కదిలించడు. నువ్వు తీస్తే నేను మళ్లీ పెడతా. ఎవరికి ఓపికుంటే వాళ్లది."

అన్నాడే గానీ, మోజెస్ పిల్లలిద్దర్నీ చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాడు తాను. ఈ మాటతో ఆ ఇంటి రాకపోకలు తెగిపోతాయని తెలుసు. రూబెన్ అన్నంత పనీ చేశాడు. కళ్లముందే తొమ్మిదోది మాయమైంది. వరప్రసాదరావు మళ్లీ పెట్టాడు. మళ్లీ పోయింది.

"ఇలాగైతే తెల్లారుతుంది," అని రత్నమణి పక్కన కుర్చీ లాక్కుంది. "ఫైలు మీది. ఎవరు మార్చాలో, ఎవరు ఊరికే చూడాలో మీరే చెప్పొచ్చు. ఇదిగో, ఇక్కడ."

పేర్ల పట్టిక తెరుచుకుంది. రూబెన్ పేరు దగ్గర చూడడం మాత్రమే అని నొక్కాడు. కృపాజ్యోతి దగ్గరా అదే నొక్కాడు. మోజెస్ పేరు దగ్గర వేలు ఆగింది. అది ఆమె చేతిలో ఉన్న ఫోను. ఇది కూడా వద్దనుకుంటే తీసేసుకునే హక్కు ఆమెకుండాలి. దాన్ని అలాగే వదిలేసి, స్లైడు తిరిగి పెట్టి, కంప్యూటరు కట్టేశాడు. ఆ తర్వాత మూడు రోజులు దాని జోలికి పోలేదు. తెరిచి చూస్తే అక్కడ ఉంటుందో ఉండదోనని భయం.

కూడిక రోజు నందిగామ చర్చి నిండిపోయింది. ముందు వరస కుర్చీల్లో రూబెన్, కృపాజ్యోతి, వాళ్ల పిల్లలు. రూబెన్ ఆయన్ని చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. పుష్పవతి ఆడవాళ్ల వైపు చిట్టచివర గోడ దగ్గర కూర్చుంది. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. పాస్టర్ అయ్యగారు పిలిచారు. కాగితం లేకుండా లేవడం ఆయనకి ఇదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పుట్టిన ఊరు, చదువు, రెడ్డిగూడెం, మొదటి ఉద్యోగం, ఒక్కొక్కటీ స్క్రీన్ మీదకి వచ్చాయి. ఎనిమిదో దాంట్లో సుగుణమ్మ నవ్వుతోంది. ఆమె గురించి చెప్పాల్సిందంతా నిదానంగా చెప్పాడు. కృపాజ్యోతి కళ్లు తుడుచుకుంది. ఆయన బటన్ నొక్కాడు.

తొమ్మిదోది ఉంది. మెట్లు, ఎండకి కళ్లు చికిలించిన మోజెస్, పక్కన నీలం చీరలో పుష్పవతి.

"భార్య పుష్పవతి," అని చదివాడు. "వివాహం రెండువేల పదమూడు, జూన్ పద్నాలుగు, జగ్గయ్యపేట."

చర్చిలో గుసగుసలు మొదలై ఆగిపోయాయి. ఫోటో కింద ఇంకో వరస ఉంది. చిన్న అక్షరాలు. అది ఆయన రాసింది కాదు.

"సాక్షి వరప్రసాదరావు మాస్టారు."

అందరూ అది చదివారు. ఒక్కొక్క తలా స్క్రీన్ మీంచి ఆయన వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఎంతమంది జీవితాలు చదివినా ఆయన పేరు ఏ ఒక్కదాంట్లోనూ లేదు. బటన్ నొక్కితే పదోది వస్తుంది, అందులో మోజెస్‌కి జరిగిన సన్మానం ఉంది. చివర గోడ దగ్గర పుష్పవతి స్క్రీన్ వైపు చూడడం లేదు, ఆయన్నే చూస్తోంది. ఆయనకి సిగ్గేసింది. ఆమెను చూసి కాదు, ఎండలో నవ్వుతున్న స్నేహితుణ్ణి చూసి.

"సాక్షి వరప్రసాదరావు," అన్నాడు. "నేనేనండి. ఆ రోజు పక్కనే ఉన్నా, సంతకం పెట్టా. పదకొండేళ్లుగా ఎక్కడా నోరు తెరిచి చెప్పలా."

రూబెన్ కుర్చీ చప్పుడయ్యేలా లేచి బయటికి వెళ్లిపోయాడు. కృపాజ్యోతి తల వంచుకుని కూర్చునే ఉంది. గోడ దగ్గర పుష్పవతి లేచి, తల మీద కొంగు సర్దుకుని, ఆడవాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ ముందుకొచ్చి, రూబెన్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది. ఆమె కూర్చునేదాకా ఆగి, వరప్రసాదరావు పదో స్లైడు నొక్కాడు.