సవతి ఇల్లు

నూకరత్నానికి సవతి పోరు పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు వచ్చిపడింది. ఆ సవతి మనిషే అయితే జుట్టు పట్టుకుని నాలుగు ఉతికేది, ఊరంతా తమాషా చూసేది, నాలుగు రోజుల్లో అంతా సద్దుమణిగేది. కానీ అది ఇల్లు. అదీ ఉత్తుత్తి ఇల్లు. అక్కుపల్లి దగ్గర సముద్రపు ఒడ్డున, కొబ్బరితోటలో సినిమావాళ్ళు వేస్తున్న సెట్టు.

ఆమె మొగుడు చిట్టిబాబు వడ్రంగి. పనిమంతుడే, మంచివాడే. సొంత ఇంటి మాట ఎత్తితే మాత్రం అతనికి ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. తిత్లీ తుఫానుకి వాళ్ళ ఇల్లు నేలమట్టమైంది. అప్పట్నుంచి రేకుల షెడ్డులోనే కాపురం. పొయ్యి దగ్గర చేతికందేలా ఒక చెక్క అర, సముద్రం వైపు ఒక కిటికీ, సాయంత్రం పూట కూర్చోడానికి ఒక అరుగు. ఇంతే ఆమె అడిగేది. అడగని పండగ లేదు. దసరా వెళ్ళనీ అనేవాడు. దసరా వెళ్ళేది, దాని వెనకే దీపావళీ వెళ్ళేది, చిట్టిబాబు ఉలి మాత్రం ఊళ్ళోవాళ్ళ మంచాల మీదే ఆడేది.

అలాంటి మనిషి సినిమా పనిలో చేరిన నాటి నుంచి కోడి కూయకముందే లేస్తున్నాడు. రోజూ గడ్డం గీసుకుంటున్నాడు. సెట్టు వేయించే ఆర్ట్ డైరెక్టర్ లక్ష్మీప్రియ అనే అమ్మాయి. అన్నం ముందు కూర్చుంటే మేడం ఇలా అంది, మేడం అలా గీసింది, మేడం నా పని మెచ్చుకుంది అంటూ అదే పాట. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే కాబోలు అనుకుంది నూకరత్నం.

ఒకరోజు చేతులు పొక్కిపోయి వచ్చాడు. కొత్త చెక్క పాతదానిలా కనబడాలని జీడినూనె పూశాడట. నూకరత్నం పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. ఆ నూనె ఎలా కాలుస్తుందో ఆమె వేళ్ళకు తెలుసు, నల్లబడిపోయిన ఆ వేళ్ళను చూసి చిట్టిబాబు ఏనాడూ అయ్యో అన్నది లేదు. మొగుడి చేతులకు కొబ్బరినూనె రాస్తూ ఆ పొక్కులు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తన ఇంటికోసం పొక్కని చేతులు ఎవరి ఇంటికోసమో పొక్కాయి.

మర్నాడు ఫ్యాక్టరీలో పక్కన కూర్చునే సంధ్య ఊరుకోకుండా, మీ ఆయన రోజూ గడ్డం గీసుకుంటున్నాడట, ఆ మేడం కోసమేనా అని ఆటపట్టించింది. నూకరత్నం నవ్వేసింది గానీ పిక్క మీద పడాల్సిన దెబ్బ వేలి మీద పడింది. ఆ మరుసటి రోజు పని మానేసి, మన్మథరావు ఆటో ఎక్కి తోటకు వెళ్ళింది.

లక్ష్మీప్రియను చూడగానే సగం బరువు దిగిపోయింది. బక్కపలచటి పిల్ల. కొప్పులో పెన్సిలు గుచ్చుకుని, ప్యాంటు నిండా రంగు మరకలతో, నిచ్చెన మీద నిలబడి గోడకు పాకుడు మరకలు పెడుతోంది. చిట్టిబాబు ఎవరో, బల్ల ఏదో ఆ పిల్లకు పట్టినట్టే లేదు. దీని మీదనా నేను అనుమానపడింది అని నూకరత్నానికి తన మీద తనకే నవ్వొచ్చింది.

అప్పుడు ఇల్లు చూసింది. ఆ నవ్వు పోయింది.

ముందు నుంచి చూస్తే పెంకుటిల్లు. వెనక్కి వెళ్తే ప్లైవుడ్డు చెక్కలూ, ఊతానికి పెట్టిన వెదుళ్ళూ. కానీ లోపల పొయ్యి దగ్గర చెక్క అర ఉంది. సముద్రం వైపు కిటికీ ఉంది. బయట అరుగు ఉంది, ఎర్రగా, నున్నగా. నూకరత్నం పొయ్యి దగ్గర నిలబడి చెయ్యి చాపింది. చెయ్యి సరిగ్గా అర మీదికే వెళ్ళింది. మునివేళ్ళ మీద లేవక్కర్లేదు, వంగక్కర్లేదు.

ఇది ఎవరి కొలత అని అడిగింది. చిట్టిబాబు ముఖం చాటంత చేసుకున్నాడు.

"నీదే. ఆడమనిసి పొయ్యికాడ నిలబడితే సెయ్యి ఎంతెత్తుకి పోతాదో నాకు నిన్ను సూసే గదా తెల్సు" అన్నాడు.

ఇంకొకతె అయితే మురిసిపోయేదేమో. నూకరత్నానికి మాత్రం తన కొలతతో ఎవరికో రవిక కుట్టించినట్టు అనిపించింది. తన కొలత తెలుసు. చెయ్యి ఎంత ఎత్తుకు వెళ్తుందో తెలుసు. తెలిసీ ఇన్నేళ్ళు తనను షెడ్డులో నేల మీద డబ్బాలు వెతుక్కోనిచ్చాడు. తెలియక చేయని మొగుణ్ణి క్షమించొచ్చు, ఈ మనిషినేం చేయాలి?

విసురుగా బయటికి వస్తూ ద్వారబంధం దగ్గర ఆగిపోయింది. జీడినూనె పూసినా ఆ చెక్కలోని పసుపు ఛాయ దాగలేదు. ఎడమ నిలువు చెక్కకు నడుమెత్తున ఒక మేకు బెజ్జం, దాని చుట్టూ నల్లటి తుప్పు మరక. ఆ మేకు కొట్టింది తనే, బట్టల తాడు కట్టడానికి, పెరట్లోని పనసచెట్టుకి. కాపురానికి వచ్చినప్పుడు పుట్టిల్లు బారువ నుంచి తండ్రి ఇచ్చి పంపిన మొక్క అది. తిత్లీకి ఇంటితోపాటే పడిపోతే, ఏడుస్తూనే పలాస కోతమిల్లుకి పంపి చెక్క కోయించింది. కొత్త ఇంటి గుమ్మానికి పనికొస్తుందని ప్లాస్టిక్ పట్టా కప్పి ఇన్నేళ్ళుగా దాచింది. ఆ పట్టా కింద చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

చిట్టిబాబు నీళ్ళు నమిలాడు. ప్లైవుడ్డు గుమ్మానికి హీరో ఆనుకుంటే ఊగిపోయిందట, తలుపు వేస్తే డొల్లమోత మోగిందట, మేడం దిగులు పడితే మా ఇంట్లో పనస ఉందని నోరు జారాడట. షూటింగ్ అయిపోగానే విప్పుకొచ్చేస్తానన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెతగా అంటారు, ఇక్కడ అది మామ సొమ్ము, అంతే తేడా.

ఇంతలో లక్ష్మీప్రియ నిచ్చెన దిగి వచ్చి, ఈ గుమ్మమే మా సెట్టుకి ప్రాణమండీ అని నూకరత్నం చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. చివర్లో ఇల్లు తగలబడిపోతుందట. అన్నీ కూలిపోయాక ఆ గుమ్మం ఒక్కటే మంటల్లో నిలబడి ఉంటుందట. ఆ సంగతి చిట్టిబాబుకీ అప్పుడే తెలిసింది. చెక్క కొట్టేవాడికి కథ ఎవరు చెబుతారు?

ఆ పిల్ల మళ్ళీ నిచ్చెన ఎక్కగానే, ఇప్పుడే వెళ్ళి మన గుమ్మం మనకివ్వమని అడుగు అని నూకరత్నం మొగుణ్ణి తోసింది. అతను వెళ్ళాడు. మేడంతో తలుపు బందుల గురించి కాసేపు మాట్లాడి, ఉత్తచేతులతో తిరిగొచ్చాడు.

"మాటిచ్చేసినాను రత్నం. ఇప్పుడడిగితే మేడం ఏటనుకుంతాది?"

"నానేటనుకుంతానో ఏనాడైనా అడిగినావా మావా?" అంది ఆమె.

ఆ తర్వాత జీడిపిక్కలు కొడుతున్నా, కూర తాలింపు వేస్తున్నా ఆ ఇల్లే కళ్ళలో మెదిలేది. ఆ పొయ్యి దగ్గర ఎవరో హీరోయిన్ తన అర మీద ఉప్పుడబ్బా పెడుతున్నట్టు కనబడేది. నూకరత్నం ఒకరి బాగు చూసి ఏడ్చే మనిషి కాదు. అయినా ఆ చెక్కల ఇంటి మీద కళ్ళలో నిప్పులు పోసుకుంది.

అవకాశం దానంతట అదే వచ్చింది. హీరోయిన్ గడపకు పసుపు రాసే సీను ఉంది. సెట్టువాళ్ళు పసుపురంగు పూస్తే కెమెరాలో తళతళా మెరిసి, దొంగ పసుపని తెలిసిపోయింది. ఎవరైనా ఊరి ఆడవాళ్ళు నిజం పసుపు రాసి పెడితే బాగుంటుందని లక్ష్మీప్రియ అంటే, చిట్టిబాబు పెళ్ళాం పేరు చెప్పాడు. పాపం, కోపం చల్లారుతుందని అతని ఆశ.

నూకరత్నం తలంటుకుని వెళ్ళింది. పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, ముగ్గు వేసింది, మావిడాకులు కట్టింది. మేడం అడిగింది అంతవరకే. నూకరత్నం అక్కడ ఆగలేదు. ఒడిలోంచి కొబ్బరికాయ తీసి కొట్టింది, దీపం పెట్టింది, ఈ గడపను కాచుకో తల్లీ అని గ్రామదేవతకు నలుగురూ వినేలా మొక్కింది. లైట్లు మోస్తున్న ఊరి కుర్రాళ్ళు చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. చిట్టిబాబు కూడా పెట్టాడు. ఎంత బాగుందో అంటూ లక్ష్మీప్రియ ఫోనులో ఫోటో తీసుకుంది.

ఇల్లు తగలబెట్టే రోజు వచ్చింది. నిప్పు పెట్టే పనికి మాట్లాడుకున్న వాళ్ళలో ఆటో మన్మథరావు కూడా ఉన్నాడు. గడప దాకా వెళ్ళి, కిరసనాయిలు డబ్బా కింద పెట్టేశాడు.

"పసుపు రాసి దీపం ఎట్టిన గడప ఇది. దీనికి నిప్పెట్టడం మావల్ల కాదు బాబూ" అన్నాడు.

మిగతావాళ్ళూ డబ్బాలు దించేశారు. డైరెక్టరు మండిపడ్డాడు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు మేమే పెడతాం అని ముందుకొచ్చారు. తోట అద్దెకిచ్చిన నారాయణరావు అడ్డం పడి, తిత్లీ వదిలేసిన చెట్లు నాలుగున్నాయి, ఈ పాపం నా తోటలో చేసి వాటిని కూడా పోగొట్టకండి అన్నాడు. అంతా కలిసి నూకరత్నం వైపు చూశారు. ఆమె సెట్టు అరుగు మీద తీరుబడిగా కూర్చుని ఉంది.

లక్ష్మీప్రియ వచ్చి పక్కన కూర్చుంది.

"మీరు కావాలనే చేశారు కదూ?"

"అవునమ్మా. ఆ పనస మాది. మా అయ్య ఇచ్చిన మొక్క."

లక్ష్మీప్రియ చిట్టిబాబు వైపు చూసింది. అతను ఇసుక వైపు చూశాడు. నాకు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది చిట్టిబాబు గారూ అని మాత్రం అని, లేచి ప్లైవుడ్డు తెప్పించింది. సాయంత్రంలోగా చిట్టిబాబే ఆ గుమ్మాన్ని గడపతో సహా విప్పి, అచ్చం అలాంటి ఉత్తుత్తి గుమ్మం చేసి నిలబెట్టాడు.

పొద్దువాలుతుండగా ఇల్లు అంటుకుంది. అర కాలింది. కిటికీ కాలింది. అరుగు మీద రంగు పెచ్చులు లేచి, లోపలి చెక్క బయటపడి, అదీ కాలింది. నూకరత్నానికి హాయిగా ఉంది. ఇక ఏ ఆడదీ ఆ అర మీద ఉప్పుడబ్బా పెట్టదు. ఈ సంతోషం మంచిదా చెడ్డదా అని ఆమె ఆలోచించలేదు. తృప్తిగా మొగుడి వైపు తిరిగింది.

చిట్టిబాబు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

ఆమె సంతోషం అక్కడే చచ్చిపోయింది. కాలి బూడిదవుతూ కూడా సవతే గెలిచింది.

"మనిల్లు పడిపోయిన్నాడు నీ కంట్లో సుక్క నీరు నేదు. దీనికేటి ఈ ఏడుపు?"

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"అది మా అయ్య కట్టిన ఇల్లు. పడిపోతే గాలిని తిట్టుకున్నాను. నాను కట్టింది పడిపోతే నీ మొకం ఎలగ సూత్తాను రత్నం? ఇదేమో నిలబడక్కర్నేదు, సెట్టింగే అన్నారు. అందుకే సెయ్యి ఆడింది."

నూకరత్నం కోపం సగం కరిగింది. మిగిలిన సగం ఆమె తనకోసం అట్టేపెట్టుకుంది.

తెల్లారి చిట్టిబాబు లేచేసరికి పనస గుమ్మం షెడ్డు గోడకు ఆనించి ఉంది. పక్కన మంచం ఖాళీ. బయట, పడిపోయిన పాత ఇంటి పునాది మీద నూకరత్నం చీర దోపుకుని గునపంతో తవ్వుతోంది. అతను లోపలికెళ్ళి కొలత టేపు తెచ్చుకున్నాడు.

"మళ్ళీ గాలొత్తే?"

"గాలిని నాను తిట్టుకుంతాను. నువ్వు కట్టు."

అతను గునపం అందుకుని కొంతసేపు తవ్వాడు. చెమట తుడుచుకుంటూ, పొయ్యికాడ అర ఎంత ఎత్తున పెట్టమంటావు అని అడిగాడు.

నూకరత్నం మట్టి ఎత్తిపోస్తూ తల కూడా తిప్పలేదు.

"నన్నడుగుతావేటి? దానికి ఎట్టినంతే ఎట్టు. వేలెడు తగ్గినా ఒప్పుకోను."