సపోర్టు కారు

"అబీ, రేపు రాపూరు ఘాటురోడ్డు. ఆ సైకిలు చైను కొంచెం తుడిచిపెట్టు." శనివారం సాయంత్రం బెన్హర్ సోఫాలోంచి లేవకుండానే అన్నాడు. కొంచెం అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ మగవాళ్ళకు బాగా పనికొస్తుంది. చైను కొంచెం తుడవడమంటే పాత టూత్‌బ్రష్షు డీజిల్లో ముంచి ఒక్కొక్క లింకూ తోమడం. సీటు కింది మర వదులు చేసి, సీటు గొట్టంతో సహా పైకి లాగి, దానికి పట్టిన చెమట మురికి గీకడం. జెర్సీ మిషన్లో వేస్తే పాడవుతుందట, చేత్తో ఉతకాలి. లోపల దిండు కుట్టిన ఆ నిక్కరు కూడా చేత్తోనే. పెళ్ళయిన కొత్తలో నేను లెగ్గింగ్స్ వేసుకుంటే మొహం చిట్లించిన మా అత్తయ్య ప్రేమలీలగారు, కొడుకు నిక్కరును బాల్కనీలో వీధికి కనబడేలా ఆరేసి, "మావాడు సైకిలు తొక్కి సోమశిల దాకా పోయొస్తాడు" అని పక్క ఫ్లాటు సాయిలక్ష్మిగారికి చెప్పుకుంటారు.

నెల్లూరులో వీళ్ళదొక సైకిలు క్లబ్బు. బ్యాంకు మేనేజర్లు, డాక్టర్లు, ఒకరిద్దరు బియ్యం వ్యాపారులు. ప్రతి ఆదివారం ఒక దారి. పెన్న వెంబడి సంగం, అక్కడి నుంచి కొండల నడుమ ఎత్తుపల్లాల మీదుగా సోమశిల. కాకపోతే పొదలకూరు మీదుగా రాపూరు, ఆపైన వెలుగొండల ఘాటు. దారి ఎంత అందంగా ఉంటుందో బెన్హర్ స్నేహితులకు వర్ణించి చెబుతుంటే వినాలి. నేనూ ఆ దారులన్నీ చూశాను. కాకపోతే కారు అద్దంలోంచి, రెండో గేరులో, ముందు వెళ్తున్న మొగుడి వీపు చూస్తూ. వెనక సీట్లో అరటిపళ్ళు, ఉడకబెట్టిన గుడ్లు, వేరుశనగ ఉండలు, పంపు, ట్యూబులు, మంచినీళ్ళు. దాన్ని సపోర్టు కారు అంటారు. క్లబ్బులో మిగతావాళ్ళు డ్రైవర్లను పెట్టుకుందామంటే, "ఎందుకన్నా దండగ, మా అబీ ఉండాది గదా" అని బెన్హరే మాటిచ్చాడు. నన్ను అడగలేదు.

నేను సైకిలు ఎరగనిదాన్నేమీ కాదు. మాది విడవలూరు పక్క ఊరు. హైస్కూలుకు వెళ్ళేటప్పుడు సముద్రం మీంచి గాలి ఎదురు కొడుతుంటే, వెనక చెల్లెల్ని కూర్చోబెట్టుకుని తొక్కేదాన్ని. మా నాన్న సెకండ్ హ్యాండులో కొన్న ఆ సైకిలుకు బ్రేకులు ఉన్నట్టా లేనట్టా అన్నట్టుండేవి. ఆ గాలికి ఎదురు తొక్కి తొక్కి నాకు పట్టిన పంతం ఒకటుంది, దిగకూడదని. పెళ్ళయ్యాక ఆ పంతం ఎక్కడ పెట్టానో నాకే గుర్తు లేదు.

పోయిన నెల ఒకరోజు అన్నం వడ్డిస్తూ అడిగాను, నేనూ మీతో తొక్కుతాను, ఒక సైకిలు కొందాం అని. బెన్హర్ నవ్వాడు. కోప్పడినా బాగుండేది. "ఘాటంటే మీ విడవలూరు రోడ్డనుకుంటివా? నీ వల్ల అయ్యే పనేనా అది?" అన్నాడు. అత్తయ్య అందుకున్నారు. "ఆదివారం పూట ఆరాధన మానుకుని ఆడమనిషి సైకిలెక్కి పోతే సంఘంలో ఏమనుకుంటారు అబిగయీలూ? దేవుడు మెచ్చుతాడా?"

ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది. చర్చిలో క్వయరులో ముందు వరసలో పాడేదాన్ని నేను. ఆదివారం ఆదివారం ఈయన వెనక కారు తోలుతూ ఆరాధన తప్పిపోతుంటే, చివరికి నా స్థానం ఇంకొకరికి ఇచ్చేశారు. పాస్టరమ్మగారు బాధగా "మాకైనా ఒక మాట చెప్పకపోయావా అమ్మా" అన్నారు. అప్పుడు అత్తయ్యకు దేవుడు గుర్తు రాలేదు. "మొగుడికి తోడు పోవడం కూడా ప్రార్థనే" అని సర్దిచెప్పారు. మొగుడి వెనక కారులో పోతే ప్రార్థన, అదే దారిలో సైకిలు మీద పోతే పాపం. ఏ దేవుడు రాశాడు ఈ లెక్క? రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరూ గమనించలేదు కూడా. వేళకు టిఫిను అందుతూనే ఉంది కదా.

ఇంకొకటి ఉంది. ఘాటు మొత్తం బెన్హర్ ఎక్కడు. నాలుగో మలుపు దగ్గర తొడ పట్టేస్తుంది. అందరికంటే వెనక ఉంటాడు కాబట్టి ఎవరూ చూడరు. సైకిలు కారు వెనక తగిలించి, లోపల కూర్చుని, అరటిపండు తింటూ వస్తాడు. ఆఖరి మలుపుకు ముందు దిగి, సీసాలో నీళ్ళు మొహం మీద, జెర్సీ మీద చల్లుకుని, ఎగశ్వాసతో తొక్కుకుంటూ పైకి చేరతాడు. అక్కడ క్లబ్బు పెద్ద చంద్రమౌళిగారు వరసగా అందరికీ సైకిలు తలపైకెత్తి పట్టుకున్న ఫోటో తీస్తారు. ఆ ఫోటో మా హాల్లో ఫ్రేము కట్టి ఉంది. నేను తుడుస్తుంటాను.

ఈ ఆదివారం కూడా అంతే జరిగింది. నాలుగో మలుపులో ఆగాడు. సైకిలు రోడ్డు పక్క రాతికి ఆనించి, కారు తలుపు తీసి కూర్చుని, "ఊఁ, తగిలించు" అన్నాడు.

దిగాను. పొద్దుటి ఎండ అప్పుడే కొండ మీద పడుతోంది. కింద లోయలో పొలాలు, ఎక్కడో దూరంగా కండలేరు నీళ్ళు. హ్యాండిలు పట్టుకున్నాను. ఎవరూ లేనప్పుడు మా అపార్టుమెంటు కింద పార్కింగులో ఈ సైకిలును అప్పుడప్పుడూ తొక్కి చూసేదాన్ని, చైను సరిగ్గా పడుతోందో లేదో చూడాలి కదా అని నాకు నేనే చెప్పుకుని. వారం వారం వదులు చేసే ఆ మరే, చెయ్యి దానంతట అదే వెళ్ళింది. సీటు నా ఎత్తుకు దించి బిగించాను. చున్నీ నడుముకు కట్టుకున్నాను. కారు తాళం బెన్హర్ ఒళ్ళో వేశాను.

"ఏందే ఇది?"

"మీరు కారు తోలుకుని రండి."

"పిచ్చి పట్టినాదా? పైన అందరూ ఉండారు. నా పరువేం గావాల?"

"దాని సంగతి మీరు చూసుకోండి. ఇన్నాళ్ళూ నేనే చూసినాను."

తొక్కాను. ఘాటు విడవలూరు రోడ్డు కాదన్న మాట నిజమే. అక్కడి నుంచి రెండో మలుపుకే ఊపిరి గొంతులోకి వచ్చింది. ఒక చోట దిగి నడిపించుకుంటూ వెళ్ళాను కూడా. దిగినందుకు సిగ్గుపడలేదు, మళ్ళీ ఎక్కాను. వెనక కారు రెండో గేరులో మూలుగుతూ వస్తోంది. ఒకసారి హారను కొట్టాడు. పక్కకు జరగలేదు. కోపమంతా కాళ్ళలోకి దిగింది. ఉతికిన నిక్కర్లు, ఊడిన క్వయరు, ఆ నవ్వు, అన్నీ ఒక్కొక్కటే తొక్కుకుంటూ పైకి వెళ్ళాను.

పైన క్లబ్బువాళ్ళు గట్టు మీద కూర్చుని ఉన్నారు. చంద్రమౌళిగారు లేచి వచ్చారు.

"ఏమ్మా, నువ్వు? బెన్హర్ యాడ? కాలేమన్నా పట్టేసిందా?"

"ఎప్పుడూ పట్టేసే కాడే పట్టేసినాది సార్. ఎప్పటి మాదిరే కారులో వస్తా ఉండారు."

ఆయన ఒక్క క్షణం నన్ను, నా నడుముకున్న చున్నీని, సైకిలును చూశారు. "నిలబడమ్మా, ఫోటో తీస్తా" అన్నారు. సైకిలు తలపైకెత్తే ఓపిక నాకు లేదు. పక్కన నిలబెట్టుకునే తీయించుకున్నాను.

కారు వచ్చి ఆగింది. బెన్హర్ దిగాడు. జెర్సీ పొడిగా ఉంది. అలవాటు ప్రకారం అందరూ కారు చుట్టూ చేరారు, చేతులు చాచారు. "అన్నా, ఆ గుడ్ల డబ్బా ఇట్టా ఇయ్యి." "నాకు రెండు అరటిపండ్లు." బెన్హర్ వెనక తలుపు తీసి, వంగి, సంచులన్నీ కెలికి, చివరికి నా వైపు తిరిగాడు.

"ఉప్పు యాడ పెట్టినావే?"

"వెతకండి, ఆడనే ఉంటాది" అన్నాను. సైకిలుకున్న సీసా తీసి మూత తిప్పాను. ఇన్నేళ్ళుగా కడిగి నింపుతున్న ఆ సీసాలో నీళ్ళు నేను తాగడం అదే మొదటిసారి.