వాయిదాకో ఏడు

ఆళ్లగడ్డలో ఎనిమిదింటి బస్సెక్కితే పదింటికల్లా నంద్యాల కోర్టు ముందర దిగొచ్చు. వాయిదా పడినప్పుడల్లా లూదియా ఆ బస్సే ఎక్కేది. ఆస్పత్రిలో ఆయా పని ఆమెది. సెలవడిగితే డాక్టరమ్మ మొహం మాడ్చుకునేది. మాడ్చుకోనీ, బిడ్డను కండ్లారా చూసుకునే దినం అదొక్కటే.

మొగుడు రాజరత్నం నంద్యాలలో బడిపంతులు. విడిపోయినప్పుడు నాలుగేండ్ల పరంజ్యోతిని తన దగ్గరే పెట్టుకున్నాడు, లూదియాను గడప తొక్కనియ్యలేదు. బిడ్డను తనకిప్పించమని 1981లో లూదియా కోర్టుకెక్కింది. కోర్టుకు భయపడి అతను వాయిదాలకు మాత్రం పిల్లను తెచ్చేవాడు.

పరంజ్యోతి వాయిదాకొక ఏడు పెరిగేది. మధ్యలో వెంట్రుకంత కూడా పెరిగేది కాదు. జడ్జి తర్వాతి తేదీ చెప్పగానే గౌను మోకాళ్ల పైకి పోయేది. గుమాస్తా కాగితంలో పాత వయసు కొట్టేసి కొత్తది రాసుకునేవాడు. కాగితం ఖరాబవుతోందని ఆయన విసుగు.

మొదటిసారి రాజరత్నం వకీలుకు జ్వరం. రెండోసారి నందికొట్కూరు సాక్షికి బస్సు తప్పిపోయింది. మూడోసారి, చెప్పుకుంటే సిగ్గు, లూదియా వకీలు వెంకటేశ్వర్లే కాగితమేదో ఇంట్లో మరిచొచ్చి తేదీ అడిగినాడు. ఆ పూటే పరంజ్యోతికి ముందరి పండ్లు ఊడి కొత్తవొచ్చినాయి.

బంట్రోతు మద్దిలేటి నవ్వుతా అన్నాడు. “లూదియమ్మా, పాప బేగా ఎదుగుతాంది. ఇంగ నాలుగు వాయిదాలకు నిన్నే మించుతాది.”

లూదియా కూడా నవ్వింది. ఆనక గోడ పక్కకు పోయి ఏడ్చింది.

ఏడు వాయిదాలకు పదకొండేండ్లొచ్చినాయి. ఎనిమిదోసారి వరండాలో పరంజ్యోతి అడిగింది. “అమ్మా, ఏడేండ్లప్పుడు నేనేం చేస్తాంటి?”

“కోర్టుకొస్తాంటివి మా. ఏడేండ్ల వయసు నీకు రెండు నెల్లే ఉండె.”

“ఆడుకున్నట్టు గుర్తే లేదు.”

లూదియా బిడ్డ జడ విప్పి మళ్లీ అల్లింది.

పాత జడ్జికి బదిలీ అయిందనీ, కొత్తాయన మళ్లీ మొదటినుంచి వింటాడనీ లోపలికి పోయినాక తెలిసింది. వెంకటేశ్వర్లు ధైర్యం చెప్పినాడు. “గెలిచేది మనమేలే. ఇంగో ఏడు వాయిదాలు, అంతే.”

లూదియా వేళ్లు మడిచి లెక్కబెట్టింది. “అప్పటికి పద్దెనిమిది, సార్. గెలిచి ఏం చేసుకునేది?”

కొత్త జడ్జి క్యాలెండరు చూసి తేదీ చెప్పబోతున్నాడు. లూదియా లేచి నిలబడింది.

“తేదీ చెప్పొద్దు సార్. కేసు వాపస్ తీసుకుంటా.”

“ఎందుకమ్మా?”

“బిడ్డను ఏడాదికి ఒక ఏడే పెరగనీండి. యాడ పెరిగినా సరే.”

ఆయన సంతకం చేసినాడు. గుమాస్తా ఈసారి ఏమీ కొట్టెయ్యలేదు. రాజరత్నం పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

“అమ్మా, మళ్లీ ఎప్పుడొస్తావ్?” అంది పరంజ్యోతి.

“నువ్వు పో మా. బాగా ఆడుకో.”

ఆ ఏడంతా పరంజ్యోతికి పదకొండేండ్లే. వీధిలో తొక్కుడుబిళ్ల ఆడతాందని నంద్యాల నుంచి ఆస్పత్రికి కాన్పుకొచ్చిన ఒకామె చెప్పింది. లూదియా రెండుసార్లు చెప్పించుకుని విన్నది. మరుసటేడు పన్నెండు నిండినాయని కూడా విన్నది. చూడలేదు.