బాబాయి తూలలేదు

ఏడో రోజు బాబాయిని నిలబెట్టారు. తూలిపడతాడని అందరూ చూస్తుంటే ఆయన నవ్వుతూ నిలబడ్డాడు. ఈ పరీక్ష నడిపిస్తున్న వైశాలి మేడమ్ ముఖంలో మాత్రం సంతోషం లేదు.

చిట్టిబాబు బాబాయి ఢిల్లీలో ఒక పరిశోధనశాలలో స్టోర్స్ క్లర్కు. ఊళ్ళో పదో తరగతి అయ్యాక నన్ను సరోజినీ నగర్‌లోని తమ క్వార్టర్‌కి తెచ్చుకుని చదివిస్తున్నాడు. ఆ వేసవిలో వాళ్ళ పరిశోధనశాలలో బాబాయితో కలిపి ఎనిమిది మందిని, తల వైపు కాస్త కిందికి వాల్చిన మంచాల మీద వారం రోజులు పడుకోబెట్టారు. అంతరిక్షంలో బరువు లేకపోతే ఒంటికి ఏమవుతుందో, అలా పడుకున్నా దాదాపు అదే అవుతుందట. ఒంట్లో నీరు తగ్గిపోతుంది. లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగి, బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

అందులో నలుగురిని మాత్రం రోజూ గంటసేపు ఒక బల్ల మీద గుండ్రంగా తిప్పేవారు. తల మధ్యలో, కాళ్ళు అంచున. తిప్పితే బరువు పుడుతుందని, దానితో రక్తనాళాలు తమ పని మరిచిపోకుండా ఉంటాయేమో చూస్తున్నామని మేడమ్ చెప్పింది. తడిబట్టను గిరగిరా తిప్పితే నీళ్ళు చివరికి పరుగెత్తడం నాకు తెలుసు. దాన్ని బరువు అనొచ్చా? అడగడానికి సిగ్గేసి డైరీలో రాసుకున్నాను.

బాబాయి తిప్పని నలుగురిలో ఒకడు. మిగతా ముగ్గురూ ఐదు నిమిషాలకే ముఖాలు పాలిపోయి కూలబడ్డారు. ఆయన మాత్రం తిప్పినవాళ్ళతో సమానంగా పావుగంట నిలబడ్డాడు.

వరండాలో మేడమ్ కాగితాలు తిరగేస్తోంది. ఆమె పుట్టి పెరిగింది ఢిల్లీలోనే, తెలుగు హిందీ కలిపి మాట్లాడుతుంది. సోమవారం పైవాళ్ళకి రిపోర్టు ఇవ్వాలని, తిప్పని మనిషే ఇంత బాగుంటే ఇక ఆ బల్ల దేనికని పని ఆపేస్తారని నాతో అంది. చెప్పడానికి ఇంకెవరూ లేక నాతో అని ఉంటుంది.

నాకు ఊరమిరపకాయలు గుర్తొచ్చాయి.

అక్కడ ఉప్పు కొలిచి వండేవారు. చప్పిడి తిండి దిగడం లేదని బాబాయి రెండో రోజే గొణిగాడు. నంజుకోవడానికి ఏమీ లేకపోతే మా ఇళ్ళలో అది భోజనం కింద లెక్కే కాదు. లీలావతి పిన్ని ఊరమిరపకాయలు వేయించి నా కంపాస్ బాక్సులో పెట్టి నాతో పంపేది. బయటి తిండి తేకూడదని తలుపు మీద రాసి ఉంది. అది అన్నానికీ కూరకీ అనుకున్నాను. అలా అనుకుంటే సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నానేమో కూడా.

నాలుగు మిరపకాయలు ఒక మనిషిని నిలబెడతాయా? చెబితే బాబాయికి ఆఫీసులో తలవంపులు. నేను తింటున్నది ఆయన ఇంటి అన్నం. చెప్పకపోతే మేడమ్ పని పోతుంది. ఏది పెద్ద తప్పో ఎటూ తేలలేదు.

"మేడమ్, ఉప్పు ఎక్కువ తింటే బీపీ పడిపోకుండా ఉంటుందా?"

"ఉప్పు ఒంట్లో నీళ్ళని పట్టి ఉంచుతుంది. అందుకే కదా కొలిచి పెట్టాం. క్యోం, ఎందుకడిగావ్?"

నేల చూస్తూ చెప్పేశాను.

ఆమె తిట్టలేదు. "రోజుకి ఎన్ని?" అంది.

"నాలుగు. ఆదివారం ఆరు."

ఆమె రాసుకుని లోపలికి నడిచింది. నేనూ వెళ్ళాను. బాబాయి మంచం మీద కూర్చుని, గోదావరి నీళ్ళు తాగిన ఒళ్ళంటే మాటలా అని నర్సుతో గొప్పలు పోతున్నాడు. మేడమ్ ఒక్క మాట అడిగింది. ఆయన నవ్వు ఆగిపోయింది. నా వైపు చూశాడు.

"చెప్పేశావా?"

తల ఊపాను.

ఆయన అంకె లెక్కలోకి తీసుకోనని, ఎందుకో కింద రాస్తానని మేడమ్ అంది. ఒప్పుకుంటే పదిహేను రోజులయ్యాక మళ్ళీ మొదటి నుంచీ పడుకోవాలంది. బాబాయి నా వైపు వేలు చూపించాడు.

"పడుకుంటానండి. కానీ ఈసారి ఈ పిల్లని గేటు దాటనివ్వకండి. ఇది తెస్తే నేను తింటాను."

మేడమ్ నవ్వింది. బాబాయి నవ్వలేదు. కోపమో, వేళాకోళమో నాకు తెలియలేదు. ఆటోలో ఇంటిదాకా కంపాస్ బాక్సు మాత్రం తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు.