కెప్టెన్ బతికిండా?

‘చుక్కల నౌక’ సీరియల్‌కు ఇది ఇరవయ్యో ఏడు. ఈ ఏడే కెప్టెన్‌ను చంపుతరని పుకారు. గద్వాలలో చీరలు నేసే బాలస్వామికి అప్పుడే చుక్కలు కనపడుతున్నయి. పెండ్లికి పోయి నిన్నటి భాగం చూడలేకపాయె. భార్య లలితమ్మ మాత్రం ఇంట్లనే ఉండె. చీరకు అంచు కలపాలంటే ఒకే మగ్గం మీద ఇద్దరు కూసోవాలె, పారిపోయే వీలు లేదు.

“చెప్పకే! సాయంత్రం మళ్ల వేస్తరు, నేనే చూస్త.”

లలితమ్మ నవ్వు బిగబట్టింది. పోగు మోసే నాడె అటూ ఇటూ ఆడుతున్నది గానీ ఆయనకు నాడి ఆడతలేదు.

“జర చెప్పరాదే, బతికిండా?”

“నాకేం తెలుసు? నౌక పేలంగనే కరెంటు పాయె.”

“మరి పొద్దటిసంది ఆ నవ్వేందే?”

“ఎంతసేపు ఆగుతవో చూద్దామని.”

ఇద్దరూ మగ్గం దిగి, ఇన్వర్టర్ ఉన్న పక్కింటి తలుపు కొట్టిండ్రు.