సందు మొగలో అమ్మోరు

మల్కాపురంలో ఆ సందుకి ఒకటే దారి. ఎంత లోపలికి పోయినా చివరికి తగిలేది ప్రహరీ గోడే. అందుకని సందు మొగలో లారీ ఒకటి నిలబడిందంటే లోపలున్న ఇళ్లన్నిటికీ బిరడా బిగించినట్టే.

నిలబడేది ఒక్కటి కాదు. ఆయిల్ లోడుకి వచ్చే ట్యాంకర్లు తమ వంతు వచ్చేదాకా అక్కడే ఆగేవి. డ్రైవర్లు ట్యాంకరు నీడలో తువ్వాలు పరుచుకుని పడుకునేవాళ్లు, పేకాడేవాళ్లు, సందులో కుళాయి దగ్గర స్నానాలు చేసేవాళ్లు.

సింహాద్రి పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. లారీల గురించి మొదట్లో ఆయనకి పట్టింపు లేదు. సైకిలు పక్కగా దూర్చుకుని పోయేవాడు. తొంభై ఏడు చివర్లో, చలికాలంలో, భార్య సూర్యకాంతమ్మకి గుండెపోటు వచ్చింది. ఆటో సందులోకి రాలేకపోయింది. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళుతుంటే రెండు ట్యాంకర్ల మధ్య కుర్చీ ఇరుక్కుంది. వెనక్కి లాగి, పక్కకి తిప్పి, మళ్లీ తోసి, ఎలాగో మెయిన్ రోడ్డు చేర్చారు.

ఆమె బతికింది. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు సింహాద్రిని పక్కకి పిలిచాడు.

"ఇంకోసారి వస్తే ఇంత ఆలస్యం చెయ్యకండి. చేస్తే మా చేతిలో ఏమీ ఉండదు."

ఆ రోజు నుంచి సింహాద్రికి లారీ తప్ప మరో ధ్యాస లేదు.

డ్రైవర్లను బతిమాలాడు. తలూపేవాళ్లు, బండి మాత్రం కదిలేది కాదు. కానిస్టేబుల్‌ని పిలుచుకొచ్చాడు. కానిస్టేబుల్ ఈల ఊదితే ట్యాంకర్లు వెళ్లిపోయాయి. కానిస్టేబుల్ టీ తాగి వెళ్లేసరికి తిరిగొచ్చాయి. ఇసక బస్తాలు అడ్డం పెట్టాడు. డ్రైవర్లు వాటిని తలకింద పెట్టుకుని పడుకున్నారు.

అప్పుడు తట్టింది ఉపాయం. ఒక తెల్లారగట్ల, సందు ఇంకా లేవకముందు, లారీ టైరు వచ్చి ఆగేచోట గొయ్యి తవ్వి రాయి పాతాడు. పైన సన్నగా, కింద బొద్దుగా ఉన్న నల్లరాయి. దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పక్కన వేపకొమ్మ గుచ్చాడు. అమ్మోరి నెత్తిన టైరెక్కించే మగాడు ఈ జిల్లాలో పుట్టలేదు.

ఉపాయం పనిచేసింది. పొద్దున్న వచ్చిన మొదటి ట్యాంకరు రాయిని చూసి సడన్ బ్రేకు వేసింది. డ్రైవరు దిగి లెంపలేసుకుని బండిని రివర్సు చేసుకుపోయాడు. మధ్యాహ్నానికి సందులో ఆడవాళ్లు 'అసిరితల్లి ఎలిసింది' అని చెప్పుకున్నారు. అందరికంటే ముందు బిందెతో నీళ్లు తెచ్చి రాయిని కడిగింది సూర్యకాంతమ్మే.

కొన్నాళ్లు సందు మొగ అద్దంలా ఉంది. ఆటోలు ఇంటి గుమ్మం దాకా వచ్చాయి.

అంతలో గురువులు అనే డ్రైవరు సాలూరు ఘాటీలో బ్రేకులు ఫెయిలై, లోయ అంచున చెట్టుకి తగిలి ఆగి, గీత కూడా పడకుండా బయటపడ్డాడు. తిన్నగా మల్కాపురం వచ్చి అమ్మోరికి కోడిని కోశాడు.

"బండి తీసేముందు ఈ తల్లికి ఓ టెంకాయ్ కొట్టినాను బావా! అంతే, మరేటీ సెయ్నేదు!" అని కనపడ్డ ప్రతివాడితోనూ చెప్పాడు.

డ్రైవర్ల నోట పడ్డ మాట ఎంతసేపు ఆగుతుంది? లోడు ఎత్తిన ప్రతి ట్యాంకరూ టెంకాయ కొట్టందే కదలడం మానేసింది. రాయి మీదకి టైరు ఎక్కించకుండా, రాయికి ఆ పక్కా ఈ పక్కా భక్తిగా ఆపేవాళ్లు. మంగళవారం వస్తే డప్పులూ, మేకలూ. సైకిలు దూరే సందు కూడా లేకుండా పోయింది.

ఎదురింటి ఎడ్వర్డ్ సింహాద్రితో పాటు పోర్టులో షిఫ్టులు చేసినవాడు. రాయి పాతిన తెల్లారగట్ల నుంచీ గేటు మీద మోచేతులాన్చి ఇదంతా చూస్తూ ఉండేవాడు.

"ఏటి బావా, లారీలాపడానికి గుడి కట్టినావా? గుడికాడ లారీ స్టాండెట్టినావా?"

"నోర్ముయ్యెహె. ఎవులైనా ఇంటారు."

"పీకీసి అవతల పారేయరాదా?"

"పీకితే నన్ను పాతీస్తారు."

నిజమే. ఇప్పుడా రాయిని ముట్టుకునే ధైర్యం సింహాద్రికి కూడా లేదు. రాత్రిళ్లు భార్య ఎటు ఒత్తిగిలినా ఉలిక్కిపడి లేచేవాడు. ఒక సోమవారం సాయంత్రం ఆమె మాత్రలు మింగుతూ ఉన్నట్టుండి అడిగింది.

"పెరట్లో రుబ్బురోలుంది. పొత్రం ఏదీ?"

ఇంటికి గ్రైండరు వచ్చాక ఆ రోలు మొహం ఎవరూ చూడరనుకున్నాడు సింహాద్రి.

"నా సేతిలో ఇన్నేళ్లు తిరిగిన రాయి. బొట్టెట్టీసినంత మాత్రాన నానెరగనా?"

"మరి మొదటి రోజే తెలిస్తే దణ్ణవెందుకెట్టినావే?"

"నువ్వెట్టినప్పుడు పొత్రమే. ఊరంతా దణ్ణవెట్టినాక ఇంకా పొత్రమేటి?" ఆమె గ్లాసు కింద పెట్టింది. "నాకోసరమే కదా ఇదంతా సేసినావు. మొదలెట్టడం వొచ్చింది, దింపడం రాలేదు. రేపు నాను దింపుతాను."

"ఏటి సేత్తావు?"

"అమ్మోరు పూనుతాది."

"నీ గుండెకి పూనకమేటే! ఒద్దు."

"ఎగిరెగిరి ఊగుతానేటి? నెమ్మదిగా ఊగుతాను."

సింహాద్రి వద్దన్నాడు. ఒట్టు పెట్టాడు. ఆమె పక్కకి తిరిగి పడుకుంది. పెళ్లయిన నాటి నుంచీ అది చర్చ ముగిసిందని గుర్తు.

మంగళవారం పదిగంటల వేళకి సందు మొగ కిటకిటలాడుతోంది. డప్పు మోగుతోంది. గురువులు టెంకాయ ఎత్తాడు. అది నేలకి తగిలిన చప్పుడుతో పాటే వెనక నుంచి కేక వినిపించింది.

సూర్యకాంతమ్మ జుట్టు విరబోసుకుని నిలబడి ఉంది. నోట్లో వేపమండ. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నెమ్మదిగా ఊగుతానన్న మనిషి నిలువునా ఊగుతోంది.

"నా దారికి అడ్డెట్టినోడెవుడ్రా!"

డప్పు ఆగింది. గురువులు చేతిలో టెంకాయ చెక్క జారిపోయింది.

"తప్పైపోనాది తల్లీ!"

"నాను సముద్రానికి ఎల్లాలి, రావాలి! నా దార్లో మీ బళ్లెట్టి నన్ను బందెలదొడ్లో కట్టీసినారేట్రా! తీసీండి! మళ్లీ ఈ మొగలో టైరు కనబడితే బండెక్కినోడు దిగడు!"

అంతే. డ్రైవర్లు తలో దిక్కూ పరిగెత్తారు. తువ్వాళ్లు, గిన్నెలు, పేకముక్కలు ఎక్కడివక్కడే వదిలేశారు. ఇంజన్లన్నీ ఒక్కసారిగా గర్జించాయి. ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి మెయిన్ రోడ్డెక్కుతుంటే సింహాద్రి నోరు తెరుచుకుని చూశాడు. పోలీసు ఈలకి లొంగనివి, పొత్రానికి లొంగాయి.

సూర్యకాంతమ్మ మోకాళ్ల మీద కూలబడింది. ఒక చేత్తో రొమ్ము పట్టుకుని ముందుకి వంగిపోయింది. ఆడవాళ్లు పసుపు నీళ్లు తెచ్చి తల మీద కుమ్మరించారు.

"తల్లీ, ఇంకేటి గావాల? చెప్పు తల్లీ!"

ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు. "అమ్మోరు అలిసిపోనాది" అన్నారెవరో. ఇంకో బిందె కుమ్మరించారు. సింహాద్రి అందరితో పాటు చేతులు జోడించి నిలబడ్డాడు. భార్య ఇంత బాగా నటిస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఎప్పుడు ఆపాలో కూడా ఆమెకే తెలుసనుకుని ముచ్చటగా చూస్తున్నాడు.

గుంపుని తోసుకుంటూ ఎడ్వర్డ్ వచ్చాడు.

"తప్పుకోండెహె!"

"చెప్పులేసుకుని అమ్మోరి కాడికొచ్చేత్తావేటి!" ఎవరో చొక్కా పట్టుకుని లాగారు. ఎడ్వర్డ్ విదిలించుకుని మోకాళ్ల మీద కూర్చుని ఆమె మొహం ఎత్తాడు. పసుపు నీళ్ల కింద ఆ మొహం బూడిదరంగులో ఉంది. నుదుట నీళ్లు కాదు, చెమట.

"బావా, ఇది పూనకం కాదు!"

"ఊరుకో..." అన్నాడు సింహాద్రి గొంతు తగ్గించి. "మాటాడుకున్నదే."

"మాటాడుకున్నావా! కళ్లెట్టి సూడు! మీకందరికీ అమ్మోరు అగుపడతంది. నాకు సూర్యక్కే అగుపడతంది. సచ్చిపోతంది బావా!"

సింహాద్రి జోడించిన చేతులు విడిపోయాయి.

ఎడ్వర్డ్ మెయిన్ రోడ్డు వైపు చూసి ఈల వేశాడు. ఆటో ఒకటి మలుపు తిరిగింది. మొగలో అడ్డం లేదు. నేరుగా వచ్చి సూర్యకాంతమ్మ పక్కనే ఆగింది. కుర్చీ అక్కర్లేకపోయింది. ఇద్దరూ చెరోవైపు పట్టి ఎక్కించారు. ఆడవాళ్లు ఆటోకి కూడా దణ్ణం పెట్టారు. దారి పొడుగునా ఆమె తల సింహాద్రి ఒళ్లో ఉంది. వేపాకు ముక్కలు నోట్లోంచి ఒక్కొక్కటే వేలితో తీస్తూ, పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. ఆటో బజారు దాటుతుండగా ఆమె కనురెప్పలు కదిలాయి.

సాయంత్రానికి డ్యూటీ డాక్టరు తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. కుర్రవాడు. చేతులకి ఇంకా పసుపు అంటుకుని ఉంది.

"గండం గడిచింది. కాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం. ఆటో వెంటనే దొరికినట్టుంది?"

"దొరికింది బాబూ."

"నొప్పి మొదలైనప్పుడు ఆవిడ ఏం చేస్తున్నారు? బరువేమైనా ఎత్తారా?"

సింహాద్రి ఎడ్వర్డ్ వైపు చూశాడు. ఎడ్వర్డ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"లారీలు తీయిత్తంది బాబూ" అన్నాడు సింహాద్రి.