రెండు కార్డుల మధ్య జాగా

ముద్ద నోట్లో పెట్టించుకుని మింగకుండా బుగ్గన దాచుకోవడం పిల్లకు ఈమధ్యే అబ్బిన విద్య. "మింగు తల్లీ, మా అమ్మవు కదూ" అని బతిమాలుతూనే ఆమె ఎడమ చేత్తో ఫోన్‌లో ఒక్కో పేజీ పైకి తోస్తోంది. అది మదర్‌బోర్డుతో పాటు వచ్చే పుస్తకం. భర్త తన కంప్యూటర్ల షాపు నుంచి పంపాడు. కింద ఎప్పటి మాటే: "ఇందులో రెండు గ్రాఫిక్స్ కార్డులు పడతాయేమో చూసి చెప్పు. రెండు నిమిషాల పని."

ఆయన లెక్కలో ఆమె చేసేవన్నీ రెండు నిమిషాల పనులే. పాలు కాచడం, ఉతికినవి మడతపెట్టడం, అత్తగారి కాళ్లకు నూనె రాయడం, పిల్ల ఒలకబోసింది తుడవడం. అన్నీ అంత చిన్న పనులే అయినప్పుడు పొద్దున లేచింది మొదలు నడుము వాల్చే తీరిక ఎందుకు దొరకదో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఈ చూసి చెప్పే పని పిల్ల కడుపులో ఉన్నప్పుడు మొదలైంది. మంచం దిగొద్దని డాక్టరు చెప్పిన రోజులవి. ఇంటర్ సగంలో చదువు మాన్పించినప్పటి నుంచి చేతికందిన అచ్చుకాగితం వదలని మనిషికి, ఆయన టేబులు మీద మర్చిపోయిన బోర్డు పుస్తకం దొరికింది. మొదటి నుంచి చివరిదాకా చదివింది. అర్థం కానిచోట మళ్లీ చదివింది. సాయంత్రం ఆయన రాగానే అడిగింది: "ఏమండీ, కార్డు గుచ్చే ఈ రెండో స్లాటు మొదటిదంత పొడుగ్గానే ఉందిగానీ, లోపల డేటా నడిచే లేన్లు నాలుగో వంతే ఉన్నాయని రాశారేమిటి?" ఆయన చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు. రెండు కార్డులు పెట్టుకోవచ్చని చెప్పి ఆ బోర్డును మర్నాడే ఎవరికో అంటగట్టబోతున్నాడట. ఆ రోజు నుంచి ప్రతి బోర్డూ ముందు ఆమె ఫోనుకు రావడం, ఆమె సరేనన్నాకే షాపులో బిగించడం అలవాటైపోయింది.

ఆమె పిరికిది. గ్యాసు కట్టానో లేదోనని వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. "నీ భయానికో ఉద్యోగం వేయించాను, సంతోషించు" అని నవ్వేవాడాయన. జీతం మాట ఆయన ఎత్తలేదు, ఆమెకూ తోచలేదు. అత్తగారికి మాత్రం ఆ ఫోను కంట్లో నలుసు. "మా కోడలికి పిల్ల మొహం కన్నా ఫోను మొహమే ముద్దొస్తుందమ్మా" అని పక్కింటావిడతో, గుమ్మంలో నిలబడి, వినపడేట్టుగానే అనేది. ఆదివారాలు ఎవరైనా ఇంటికొచ్చి "మీవాడు కట్టిచ్చిన మిషను బ్రహ్మాండంగా నడుస్తోందండీ" అంటే, "వాడి చేతిలో ఉంది విద్య" అని మురిసిపోయేదీ ఆవిడే. "నేను దగ్గరుండి అన్నీ చూశాను కదండీ" అనేవాడు కొడుకు. ఆమె మంచినీళ్ల గ్లాసులు తెచ్చి పెట్టి లోపలికి వెళ్లేది. అబద్ధమని కూడా అనిపించేది కాదు. ఇంట్లో గిన్నెలు తోమింది ఎవరో ఎవరడుగుతారు, ఇదీ అలాంటిదే అనుకునేది. అయితే అందరూ పడుకున్న మధ్యాహ్నాల్లో ఆ స్లాట్ల బొమ్మలు చూస్తూ కూర్చున్న కాసేపూ ఆమె ఎవరికీ కోడలూ కాదు, తల్లీ కాదు. ఆ కాసేపు పోతే తనకంటూ ఇంకేం మిగలదని ఆమెకు తెలుసు. అందుకే దాన్ని ఎవరి కంటా పడనీయకుండా చూసుకునేది.

ఈసారి బోర్డు, ఇంకా కట్టని ఇళ్లను కట్టినట్టే తెరమీద చూపించే ఒకావిడ కోసం. ఆ బొమ్మలు త్వరగా తయారవ్వాలంటే రెండు కార్డులూ కలిసి పనిచేయాలి. ఆమె అన్నీ చూసింది. ఒక్క కార్డే ఉంటే పదహారు లేన్లు, రెండూ పెడితే చెరి ఎనిమిది. ఆ పనికి చాలు. కరెంటు ఇచ్చే డబ్బా రెండింటినీ మోస్తుంది. తీగలు సరిపోతాయి. కార్డు పొడుగు పెట్టెలో పడుతుంది. "పడతాయి" అని పంపింది. ఆయన బొటనవేలు బొమ్మ పంపాడు.

బోర్డూ కార్డులూ షాపుకు చేరిన రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ఆయన గొంతు మరీ మెత్తగా ఉంది. అంటే పక్కన ఎవరో ఉన్నారు.

"రెండు పడతాయని చెప్పావు కదా? రెండోది దిగట్లేదు. మొదటి కార్డే ఇంత లావుంది, పోయి రెండో స్లాటు మీద పడుకుంది."

ఆమె నోరు తెరిచేలోగా ఆయన ఫోను పక్కకు పెట్టినట్టున్నాడు. కట్ చేయలేదు. మాటలు వినపడుతున్నాయి. "సారీ మేడమ్. మా ఆవిడ చూసింది. ఇంట్లో ఖాళీగానే ఉంటుంది కదా అని అప్పజెప్పాను. ఇకనుంచి నేనే చూసుకుంటాను." తర్వాత మళ్లీ ఆమెతో: "విన్నావుగా. ఇంక నువ్వేం చూడక్కర్లేదు. పిల్లను చూసుకో, అది చాలు."

ఆమె పుస్తకం తెరిచింది. స్లాట్ల మధ్య దూరం అక్కడే ఉంది. కార్డు మందం ఇంకోచోట ఉంది. ఇంతవరకు వచ్చిన కార్డులన్నీ రెండు స్లాట్ల జాగా తీసుకునేవే, ఇదీ అంతే అనుకుంది. ఇది దాదాపు మూడు. తప్పు తనదే, అందులో సందేహం లేదు. కానీ అంత భయస్తురాలు, గ్యాసు మూడుసార్లు చూసుకునే మనిషి, దీన్ని ఎలా వదిలేసింది? అప్పుడు తట్టింది. తన జన్మలో గ్రాఫిక్స్ కార్డు అనేదాన్ని కళ్లారా చూసింది లేదు. అదెంత కరెంటు తాగుతుందో తెలుసు, ఎన్ని తీగలు కావాలో తెలుసు. పలక మందం ఉంటుందా, ఇటుక మందం ఉంటుందా అంటే మాత్రం తెలీదు. షాపు తెరిచిన రోజున చుట్టాల వెనకాల నిలబడి వచ్చేయడమే, మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఒకసారి అడిగింది కూడా. "అక్కడ చూడ్డానికేముంది, దుమ్ము. పిల్లకు దగ్గొస్తుంది" అన్నాడాయన. "ఆడది కౌంటర్లో ఉంటే వచ్చినవాళ్లు సామాను చూస్తారా, దాన్ని చూస్తారా" అంది అత్తగారు.

ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఇన్నాళ్లూ పడిన కార్డులన్నీ ఆయన చూసినవట, పడని ఒక్క కార్డూ ఆమె చూసిందట. అయినా ఆ షాపులో ఆమె ఊసు రావడం ఇదే మొదలు. తరగతిలో హాజరు పిలుస్తూ పిలుస్తూ చివరికి తన వంతు వచ్చినట్టు అనిపించింది. ఎందుకు పిలిచారన్నది తర్వాత సంగతి.

పిల్లకు గౌను మార్చింది. "అత్తయ్యా, షాపుకు వెళ్లొస్తాను. పిల్లను చూస్తారా?"

"ఇప్పుడా? వాడు రమ్మన్నాడా?"

"లేదు."

"మరెందుకే? నా నడుము సంగతి తెలిసీ..."

"సరే, దీన్నీ తీసుకెళ్తాను" అని చంకనేసుకుని బయల్దేరింది.

షాపు ఆమె అనుకున్నదానికన్నా ఇరుకు. బల్లమీద మూత తీసిన పెట్టె ఒకటి పక్కకు పడుకోబెట్టి ఉంది. స్టూలు మీద నెరిసిన జుట్టావిడ, ఫోనులో విన్న మేడమే కాబోలు, కూర్చుని ఉంది. భర్త ఆమెను చూసి, "నువ్వెందుకొచ్చావిప్పుడు?" అన్నాడు.

ఆమె ఆవిడ వైపు తిరిగింది. "నేనేనండీ చూసింది. కార్డు మందం చూసుకోలేదు. తప్పు నాదే."

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "పోయినేడాది మా ఆఫీసుకు కట్టిచ్చిన మిషన్లు?"

"అంటే మేడమ్, అప్పుడు..." అంటున్నాడు భర్త.

"అవీ నేనే చూశానండీ."

ఆవిడ ఓసారి ఆయన వంక చూసింది. "అవి బానే నడుస్తున్నాయిలే" అందావిడ. "అది సరే, నా పని ఆగిపోయింది. ఇప్పుడేం చేద్దాం?"

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి, పక్కన తీసిపెట్టిన కార్డు పట్టుకుంది. పిల్ల ఒక చేతిలో, అది ఒక చేతిలో. చల్లగా, ఊహించనంత బరువుగా ఉంది. బోర్డు మీద పెట్టి, స్లాట్ల మధ్య ఎంత మిగిలిందో వేలితో తడిమింది. వేలు దూరే సందు కూడా లేదు.

"అడుగున ఇంకో స్లాటుందండీ, అక్కడ దిగుతుంది. కానీ దానికి నాలుగు లేన్లే. మీ పనికి చాలతాయో లేదో నాకు తెలీదు, తెలీకుండా చెప్పను. మధ్యలో ఎక్కువ జాగా ఉన్న బోర్డు వెతకాలి. అది వచ్చాక ఇక్కడ పెట్టి చూసి చెప్తాను."

ఆవిడ సంచి భుజాన వేసుకుంది. "రేపు ఓసారి వస్తాను. ఉంటారా?"

"ఉంటాను మేడమ్" అన్నాడు భర్త.

"మిమ్మల్ని కాదు" అందావిడ.

"ఉంటానండీ" అంది ఆమె.

ఆవిడ మెట్లు దిగాక ఆయన గొంతు మారింది. "పరువు తీశావు. తప్పు నాదే, తప్పు నాదే అని దండోరా వేసుకోవాలా? రేపు ఉంటానని చెప్పేశావు, ఇంట్లో ఎవరు చేస్తారు, నీ తాతా?"

"ఇకనుంచి చూడకుండా ఏదీ పడుతుందని చెప్పనండీ. చూడాలంటే ఇక్కడికి రావాలి. రేపట్నుంచి వస్తాను."

"మరి పిల్ల?"

ఆమె పిల్లను ఆయన ఒళ్లో కూర్చోబెట్టింది. ఆయన ఏదో అనబోయాడుగానీ, అది ఆయన జేబులోని స్క్రూడ్రైవరు లాగి నోటికి పెట్టుకోబోయింది. విడిపించడానికి ఆయన రెండు చేతులూ సరిపోవడం లేదు. ఆమె స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుని, ఆయన తిరిగి సర్దేసిన రెండో కార్డు అట్టపెట్టె విప్పసాగింది.